రెండు వందల పన్నెండో కొక్కెం

నూట పద్దెనిమిదో నంబరు మనిషి ల్యాంపు రూము కిటికీ ముందు నిలబడి చెయ్యి చాపాడు. సరళ అతని మొహం చూసింది. ఆ మొహం ఆమెకు తొమ్మిదేళ్లుగా తెలుసు. ఎడమ చెంప మీద బొగ్గు దిగిన నీలం మచ్చ తెలుసు. కూతురు వైరాలో హాస్టల్లో ఉండి చదువుకుంటోందనీ తెలుసు. పేరు మాత్రం నోటికి రాలేదు.

"ఏందక్కా గట్ల చూస్తున్నవ్? కల్లు తాగింది నేనా, నువ్వా?" అన్నాడతను. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. సరళ కూడా నవ్వి ల్యాంపు చేతికిచ్చింది. వరుస ముందుకు జరిగింది.

అందరూ బొగ్గు బాయిలోకి దిగిపోయాక ఆమె స్టూలు మీద కూర్చుని చేతులు చీరకు తుడుచుకుంది. పేరు మరిచిపోవడం ఎవరికైనా ఉండేదే. సరళకు మాత్రం ఎప్పుడూ లేదు.

ఆమె పుట్టింది కూసుమంచిలో. తండ్రికి బస్టాండు పక్కన సైకిళ్లు బాగుచేసే పని. ఏ సైకిలు ఎవరిది, ఏ చక్రం ఎన్నడు విప్పింది అని తెలుసుకోవాలంటే ఆయన ఏడేళ్ల కూతురిని కేకేసేవాడు. బడిలో టీచరమ్మ హాజరు పుస్తకం ఇంట్లో మరిచి వస్తే సరళే నిలబడి వరుసగా నలభై పేర్లూ చదివేది. పదో తరగతితో చదువు ఆగింది. బాలకృష్ణతో పెళ్లయి, బొగ్గు బాయి పక్కన కార్మికుల కాలనీకి వచ్చింది. భద్రాచలం రోడ్డు దిగి అడవి అంచున రెండు మైళ్లు పోతే వచ్చే పాత బాయి అది. బాలకృష్ణది లోపల పైకప్పుకు ఆసరాలు నిలబెట్టే పని. ఒకరోజు అదే పైకప్పు నుంచి రాతిపలక ఊడి అతని నడుం మీద పడింది. ప్రాణం దక్కింది గానీ కర్ర లేకుండా నడవలేకపోయాడు. అతన్ని అన్‌ఫిట్ చేసి, ఆ ఉద్యోగం భార్యకిచ్చారు. సరళను ల్యాంపు రూములో వేశారు.

లోపలికి దిగే ప్రతి మనిషీ టోపీకి పెట్టుకునే ల్యాంపును ఆమె దగ్గర తీసుకుంటాడు. పైకి వచ్చాక ఆమెకే అప్పజెప్పి ఇంటికి పోతాడు. ఎవరి నంబరు వారిది, ఎవరి కొక్కెం వారిది. షిఫ్టు అయిపోయాక ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా భూమిలోపలే ఉన్నాడని అర్థం. గేటు దగ్గర వేలిముద్రల మిషను ఉంది కానీ, వానాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా అది మొండికేస్తుంది. అప్పుడిక ల్యాంపు రూము మాటే మాట.

మూడు వందల నలభై మంది. చేరిన రెండు నెలలకే అందరి పేర్లూ, నంబర్లూ ఆమెకు కంఠతా వచ్చేశాయి. మనిషి కిటికీ దగ్గరికి రాకముందే ల్యాంపు తీసి పట్టుకునేది. "సరళక్క ఉంటే రిజిస్టరు దండగ" అనేవాళ్లు. ఆమె జీవితంలో గర్వంగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉందంటే ఆ మాటే.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఎండాకాలం, మొదటి షిఫ్టు ముగిశాక రెండు కొక్కేలు ఖాళీగా మిగిలాయి. ముందు ఆలస్యమనుకున్నారు. తర్వాత లోపల కప్పు కూలిందని తెలిసింది. ఆ ఇద్దరి ఇళ్లవాళ్లూ పరుగెత్తుకొచ్చి ఆమె కిటికీ ఊచలు పట్టుకున్నారు. "వచ్చిండా అక్కా? లైటు ఇచ్చిండా?" అని అడుగుతూనే ఉన్నారు. సరళ వెనక్కి తిరిగి ఖాళీ కొక్కేలు చూసి మళ్లీ వాళ్లకేసి తిరిగేది. అలా ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు. మర్నాడు మధ్యాహ్నానికి గాని శవాలు పైకి రాలేదు.

అప్పట్నుంచి మధ్యాహ్నం ఒంటిగంట కొట్టగానే ఆమె చూపు గడియారానికి అతుక్కుపోయేది. మూడింటికి కూత కూస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే వస్తారు. ఆఖరి కొక్కెం నిండేదాకా ఊపిరి సగమే ఆడేది. నిండగానే తేలికపడాలి కదా. మొదట్లో పడేది. రెండేళ్లకు ఆ తేలిక ఇంటికి వెళ్లేదాకా నిలిచేది కాదు. ఆ తర్వాత అసలు రావడమే మానేసింది. సెలవు రోజు కూడా ఒంటిగంట నుంచి గడియారం చూస్తూనే ఉండేది. కోడి కూయకముందే మెలకువ వచ్చేది. లేవాలంటే ఒళ్లు రాయిలా ఉండేది. కూరలో ఉప్పు తక్కువైనా ఎక్కువైనా తెలిసేది కాదు. మేడారం జాతరకు పోదామని బాలకృష్ణ అంటే, "నువ్వు పో" అనేసింది. ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు.

ఆ ఆషాఢంలో నూట పద్దెనిమిది పేరు పోయాక, మిగతావీ ఒకటొకటిగా పోసాగాయి. చిన్ననాటివి కాదు. బడిలోని నలభై పేర్లు అలాగే ఉన్నాయి. ఎక్కువగా పోయేవి అప్పటికప్పటివి: పొద్దున ఎవరికి ఏ ల్యాంపు మార్చి ఇచ్చింది, ఇందాక ఎవరితో ఏం మాట్లాడింది. సరళ నంబర్లు మణికట్టు మీద పెన్నుతో రాసుకుని, పొడుగు చేతుల జాకెట్టు తొడిగి చెయ్యి కిందికి లాక్కునేది. ఎవరికీ చెప్పలేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ అన్‌ఫిట్ అయితే? పైగా మొగుడి నడుం విరిగిందంటే లోకం జాలిపడుతుంది, పెళ్లాం తల చెడిందంటే మాత్రం వేరేగా చూస్తుంది.

ఆ రోజుల్లోనే హేమ్లి వచ్చింది. తిరుమలాయపాలెం దగ్గరి తండా పిల్ల, నర్సింగు చదివింది. ఎన్నేళ్లుగానో ఒత్తిడిలో బతికేవాళ్ల మెదడులో ఏం మారుతుంది, దానికీ డిప్రెషన్‌కూ సంబంధమేమిటి అని హైదరాబాదు వాళ్లు ఒక పరిశోధన పెట్టుకున్నారు. బాయి కుటుంబాల్లో నలభై మందిని ఎంచుకున్నారు. హేమ్లి ఇంటింటికీ చిన్న గొట్టాలు పట్టుకొచ్చి, అందులోని దూది నమిలి ఉమ్మితో తడిపి ఇమ్మనేది. లేవగానే ఒకటి, అరగంటకు ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకాక ఒకటి. ఇలా మూడు రోజులు. తర్వాత ప్రశ్నలు.

"నిద్ర పడుతుందా అక్కా?"

"పడుతది."

"దేనిమీదన్నా మనసు పెట్టనీకి కష్టమైతుందా?"

"ఏం లేదు. అంతా మంచిగనే ఉంది."

హేమ్లి రాసుకుంది. సరళ చాయ్ గ్లాసు అందించబోతే జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. మణికట్టు నిండా నీలం సిరాతో అంకెలు. హేమ్లి చూసింది. చాయ్ తాగేలోపు సరళ ఆమెను "ఏ ఊరు బిడ్డా మీది?" అని మూడుసార్లు అడిగింది.

నెల తర్వాత ఒక బుధవారం హేమ్లి వచ్చి, "హైదరాబాదు డాక్టరమ్మ నిన్ను రమ్మంటుందక్కా, జర మాట్లాడాల్నట" అంది. కమ్యూనిటీ హాల్లో ఒక మూల బల్ల వేసుకుని డాక్టర్ అరుణశ్రీ కూర్చుని ఉంది. తల సగం నెరిసిన మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. కాగితం మీద రెండు గీతలు గీసింది. ఒకటి పొద్దున ఎత్తుకు లేచి, సాయంత్రానికి కిందికి దిగింది. రెండోది నేలబారుగా పోయింది.

"మనం లేవంగనే ఒంట్ల కార్టిసాల్ అనే రసాయనం పెరుగుతది. మనిషిని పనికి లేపేది అదే. పొద్దుగూకేసరికి దిగిపోవాలె. చాలామందికి ఈ మొదటి గీత లెక్క ఉంటది. నీది రెండోది. పొద్దున లేస్తలేదు, మాపటికి దిగుతలేదు."

"అంటే ఏమైనట్టు మేడం?"

"ఏండ్ల తరబడి భయంల బతికినోళ్లల్ల కొందరికి గిట్ల కనబడుతది. ఈ ఒక్క గీత చూసి జబ్బని చెప్పలేం. కానీ నీ నిద్ర, నీ మరుపు, నీ మొహం, అన్నీ కలిపి చూస్తే డిప్రెషనే అనిపిస్తుంది నాకు."

సరళ మణికట్టు మీదికి బట్ట లాక్కుంది. అరుణశ్రీ అది చూడనట్టే చెప్పుకుపోయింది. మెదడులో కొత్త సంగతులు దాచుకునే చోటు ఒకటుంది, హిప్పోకాంపస్ అంటారు. 'ఇక చాలు, ఆపు' అని ఆ రసాయనానికి చెప్పాల్సిన వాటిల్లో అదీ ఒకటి. ఏళ్లకేళ్లు అందులో నానితే అక్కడి నరాల కొమ్మలు చిక్కిపోతాయి. ఎలుకల్లో కళ్లారా చూశారు. మనుషుల్లో స్కానింగుల వల్ల కొంతే తెలిసింది. అది చిక్కినకొద్దీ ఆపే శక్తి తగ్గుతుంది. ఆపేది లేకపోతే మరింత చిక్కుతుంది.

"నా తలకాయ అరిగిపోతుందా మేడం?"

"అరిగి మాయమైపోదు. మందులతోని, నిద్రతోని, భయం తగ్గితే కొంత మళ్ల తేరుకుంటదని అనుకుంటున్నం. డిప్రెషన్ అంటే మెదడుల ఏదో ఒక్క రసాయనం తక్కువైంది, గోలీ వేస్తే నిండుతది అని ఎనకట చెప్పేటోళ్లం. గంత సులువు గాదని ఇప్పుడు తెలిసింది." ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇంతకూ నువ్వు బాయి మీద ఏం పని చేస్తవు సరళా?"

సరళ చెప్పింది. ల్యాంపులు, కొక్కేలు, లెక్క. డాక్టరు గీతల కాగితాన్ని పక్కకు జరిపింది.

"నువ్వు ఆ రూంల ఉండొద్దు" అందామె. "రేపే సెలవు పెట్టు. నువ్వు ఒప్పుకోకుండ మీ ఆఫీసుల నేను చెప్పొద్దు. నువ్వు ఊఁ అంటే ఇప్పుడే కాయితం రాసిస్త."

"నాతోటి పనిచేసేటాయన సెలవుల ఉన్నడు మేడం. సోమారం వస్తడు. సోమారం నేనే చెప్త."

"సోమారం దాకా ఎందుకు?"

"నాలుగొద్దులే గద మేడం."

అరుణశ్రీ మందులు రాసిచ్చింది. సరళ ఆ చీటీని మడిచి ల్యాంపు రూములోని బల్ల సొరుగులో పెట్టింది. ఎక్కడ పెట్టిందో మర్నాడు గుర్తు లేదు.

శనివారం పొద్దుటి నుంచి ఒకటే వాన. అడవి కనిపించడం లేదు. కరెంటు రెండుసార్లు పోయింది. గేటు దగ్గర మిషను చచ్చి ఊరుకుంది. మొదటి షిఫ్టులో ముత్యాలు అనే కుర్రకార్మికుడి ల్యాంపు మసకగా వెలిగితే, దాన్ని తీసుకుని అతనికి స్పేర్ ల్యాంపు ఇచ్చింది. తీరిక దొరికినప్పుడు ఆ మసక ల్యాంపును బాగుచేసి అతని కొక్కేనికే తగిలించింది. మూడింటికి కూత కూసింది. వానకు జడిసి అందరూ ఒక్కసారే కిటికీ మీద పడ్డారు. చేతులు, ల్యాంపులు, బురద, అరుపులు. ఆమె అందుకుంటోంది, తగిలిస్తోంది, రిజిస్టరులో టిక్కు పెడుతోంది. ముత్యాలు స్పేర్ ల్యాంపు ఇచ్చి పోయాడు. ఆమె చేయి దాన్ని కూడా ఖాళీగా కనిపించిన ఒక కొక్కేనికి తగిలించి, రిజిస్టరులో ఆ నంబరు పక్కన టిక్కు పెట్టింది.

షిఫ్టు పనిని చూసుకునే ఓవర్‌మన్ కుమారస్వామి తలుపులోంచి తొంగి చూశాడు. "సరళమ్మా, అందరు ఎక్కిన్రా?"

ఆమె మొదటి షిఫ్టు కొక్కేల గోడ చూసింది. ఖాళీ కొక్కెం లేదు.

"ఎక్కిన్రు సార్."

ఇంటికి పోయి స్టవ్ మీద నీళ్లు పెట్టింది. బియ్యం కడుగుతుంటే చెయ్యి ఆగింది. పగిడయ్య గుర్తొచ్చాడు. అడవిలో ఎనిమిది కిలోమీటర్ల లోపలున్న గూడెం నుంచి వచ్చే పంపు ఆపరేటరు. యాభై ఏడేళ్ల మనిషి. బొగ్గు తీసేసి వదిలిన పాత పనుల అడుగున ఊరే నీళ్లను తోడే పంపు దగ్గర ఒక్కడే ఉంటాడు. రెండో షిఫ్టుకు అక్కడ మనిషి ఉండడు. రోజూ పైకి వచ్చి ల్యాంపు కిటికీలో పెట్టి, "దీపం అప్పజెప్పిన చెల్లే, ఇగ పోయి బువ్వ తిను" అంటాడు. ఆ మాట ఆమెకు వినిపిస్తోంది. అతని తడిసిన మీసం కనిపిస్తోంది. అయితే అది ఇవాళ్టిదా? నిన్నటిదా? పోయిన వారంలో ఒకరోజుదా?

సరళ కళ్లు మూసుకుని ఇవాళ మధ్యాహ్నాన్ని వెతికింది. వాన దొరికింది, చేతులు దొరికాయి. ఆ మొహం మాత్రం ఇవాళ్టి వానలో కనిపించలేదు. కనిపించలేదని గట్టిగా అనుకునేలోపే మళ్లీ కనిపించింది.

గిన్నె కింద పెట్టి స్టవ్ ఆపేసింది. బాలకృష్ణ మంచం మీదినుంచి అడిగాడు. "ఏమైంది?"

అప్పుడు అంతా చెప్పింది. పేర్లు పోవడం, మణికట్టు, డాక్టరమ్మ గీసిన గీత, పగిడయ్య. ఇన్నాళ్లు దాచిందానికి అతను కోప్పడలేదు. కర్ర అందుకుని లేచి నిలబడ్డాడు.

"పో. జల్దీ పో. లైటు వచ్చి ఉంటే నలుగురు నవ్వుతరు, అంతే. రాకపోయుంటే..." అని ఆగిపోయాడు. నడుం విరిగి లోపల నాలుగు గంటలు పడి ఉన్నవాడు అతను.

వానలోనే పరుగెత్తింది. రెండో షిఫ్టు మనిషిని పక్కకు జరిపి పగిడయ్యదైన రెండు వందల పన్నెండో కొక్కెం దగ్గరికి పోయింది. ల్యాంపు ఉంది. తిప్పి చూసింది. దాని మీద నంబరు లేదు. ఎర్ర రంగుతో 'స్పేర్' అని ఉంది.

కుమారస్వామి ముందు నమ్మలేదు. "టిక్కు పెట్టినవ్ గదమ్మా!" అన్నాడు. ఆమె ల్యాంపును బల్ల మీద పెట్టింది. అతను పంపుకు ఫోను కలిపాడు. లోపల గంట మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. అతని మొహం తెల్లబోయింది. ఐదుగురిని వెంటబెట్టుకుని దిగాడు.

ఐదు దాటింది. వానకు బాయి నోట్లోంచి ఆవిరి లేస్తోంది. లోపలి నుంచి ఒక కబురు వచ్చింది: పంపు ఆగిపోయింది, నీళ్లు పెరుగుతున్నాయి. ఆ తర్వాత కబురు లేదు. పగిడయ్య భార్య నాగక్కను ఎవరో బండి మీద తెచ్చారు. ఆమె వచ్చి షెడ్డు కింద సరళ పక్కన కూర్చుంది. వెంట వచ్చిన మరిదితో కోయభాషలో ఏదో గొణిగింది. తర్వాత సరళ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వే గద చెల్లె లైట్లిచ్చేటిది. నీ ముచ్చట రోజు చెప్తడు."

ఆ చేతులు వెచ్చగా, గరుకుగా ఉన్నాయి. సరళ ఇక దాచలేకపోయింది.

"వదినె, ఆయన రాలేదని మూడు గంటలకే తెల్వాలె. నేనే అందరొచ్చిన్రని చెప్పిన. తప్పు నాది."

నాగక్క ఆమె కేసి చూసింది. మెల్లగా చేతులు వెనక్కి తీసుకుంది. లేచి, వానలోకి పోయి నిలబడింది. ఎవరెంత పిలిచినా షెడ్డు కిందికి రాలేదు.

ఆరున్నరకు స్ట్రెచరు పైకి వచ్చింది. పగిడయ్య బతికే ఉన్నాడు. పక్క గోడ రాయి ఊడి కాలు మీద పడిందట. కదల్లేక పంపు దిమ్మెను కావలించుకుని ఉన్నాడట. వీళ్లు పోయేసరికి నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి.

సోమవారం సరళ జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చింది. డాక్టరమ్మతో రాయించుకున్న కాగితం కూడా జతచేసింది. విచారణ రెండు నెలలు నడిచింది. ఒకరు సానుభూతి చూపారు, ఒకరు "పిచ్చిదాని చేతిల మూడు వందల పానాలు పెట్టిన్రు" అన్నారు. సెలవు మీద ఇంట్లో కూర్చున్న ఆ రోజులే అన్నిటికన్నా నల్లనివి. మందులు మింగిన మొదటి మూడు వారాలు నోరు ఎండిపోవడం తప్ప ఏమీ కాలేదు. బతకడం దండగ అనిపించిన ఒక మధ్యాహ్నం ఆమె ఆ మాట బాలకృష్ణతో అనేసింది. అతను అప్పటికప్పుడే అరుణశ్రీకి ఫోను చేసి చేతికిచ్చాడు. వారం దాకా ఆమెను ఒంటరిగా వదల్లేదు. కర్ర పట్టుకుని వెంటే తిరిగాడు. ఆరో వారంలో ఒకనాడు ఆమెకు తెల్లారిపోయాక మెలకువ వచ్చింది. మొగుడు మంచం పక్కన కూర్చుని ఏడుస్తూ కనిపించాడు. "ఎండ వచ్చేదాకా పండుకున్నవే" అన్నాడు.

ఆమెను బాయి మీదనే మొక్కలు పెంచే నర్సరీలోకి మార్చారు. అక్కడ లెక్క తప్పితే ఎవరూ చావరు. పగిడయ్య కాలు కొత్తగూడెం దవాఖానాలో అతికింది కానీ కురచైంది. సరళ రెండుసార్లు గూడేనికి పోయింది. మొదటిసారి నాగక్క బయటికి రాలేదు. రెండోసారి నీళ్లిచ్చింది, మాట్లాడలేదు. పగిడయ్యే వాకిట్లో కూర్చుని తునికాకు కట్టలు కడుతూ, "గ్యాపకం రాకుండ ఉంటే నేను లేను. వచ్చింది గద" అన్నాడు. సరళ పక్కన కూర్చుని అతనికి ఆకులు అందించసాగింది.

ఎనిమిది నెలలకు మళ్లీ దూది నమిలింది. పొద్దుటి గీత కాస్త లేచింది. సాయంత్రంది మాత్రం ఇంకా దిగాల్సినంత దిగలేదు. "మొత్తం తిరిగొస్తదా మేడం?" అని అడిగితే, "మాటియ్యలేను సరళా. అయినా ఇది చిన్న సంగతి గాదు" అంది అరుణశ్రీ.

బయట హేమ్లి గొట్టాల సంచీ సర్దుకుంటోంది. సరళ ఆమెతో పాటు రెండు సందులు నడిచింది. నలభై మందిలో పదకొండు మందికి గీత సరళకు లాగే నేలబారుగా ఉందని హేమ్లి చెప్పింది. పేర్లు చెప్పకూడదు. చెప్పలేదు. "అందర్నీ డాక్టరమ్మ పిలిచింది అక్కా. వచ్చింది నలుగురే. తక్కినోళ్లు పనిలనే ఉన్నరు" అని మాత్రం అంది.

సందు చివరి ఇంటి ముందు హేమ్లి ఆగింది. అరుగు మీద ఒకాయన యూనిఫాం వేసుకుని బూట్లు తొడుక్కుంటున్నాడు. లోపల బొగ్గు నింపిన టబ్బులను తాడుతో పైకి లాగే ఇంజను అతని చేతిలో ఉంటుంది. మనుషులు నడిచే దారి పక్కనే ఆ టబ్బులు ఎక్కి దిగుతుంటాయి. ఒకే బూటును విప్పి మళ్లీ తొడుక్కుంటున్నాడు.

"నిద్ర పడుతుందా అన్నా?" అంది హేమ్లి.

"పడుతది."

"మరుపు ఏమన్న ఉంటుందా?"

"ఏం లేదమ్మా. అంతా మంచిగనే ఉంది."

దూరంగా రెండో షిఫ్టుకు మొదటి కూత వినిపించింది. అతను గబుక్కున లేచాడు. ఒక కాలికి బూటు లేదు. సరళ అరుగు ఎక్కి, ఆ బూటు తీసి పక్కన పెట్టి, అతని దారికి అడ్డంగా కూర్చుంది.

"ఇయ్యాల డ్యూటీకి పోకు తమ్మీ" అంది. "కూసో. నీకొక ముచ్చట చెప్పాలె."